ఎలిప్టికల్ గెలాక్సీ చక్రంలా తిరగదు కదా, దాని డార్క్ మ్యాటర్ బరువు ఎలా తూస్తున్నారు?

నక్షత్రకుడు
స్పైరల్ గెలాక్సీల కథ నాకు అర్థమైంది. 1970లో వీరా రూబిన్, కెంట్ ఫోర్డ్ ఆండ్రోమెడాను కొలిచారు. తర్వాత రేడియో వాళ్లు చల్లని హైడ్రోజన్ వాయువు వెలువరించే 21 సెంటీమీటర్ల రేడియో గీతతో ఇంకా దూరం వెళ్లారు. అంచుల్లో వేగం తగ్గాలి, తగ్గలేదు, కాబట్టి కనిపించని బరువు ఉంది, అదే డార్క్ మ్యాటర్. బాగుంది.

గుడ్డు ఆకారంలో ఉండే ఎలిప్టికల్స్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఏ వ్యాసం చూసినా ఒక్క వాక్యంతో దాటేస్తున్నారు. "గ్లోబ్యులర్ క్లస్టర్ల వేగాలను బట్టి ఇక్కడా డార్క్ మ్యాటర్ ఉందని తేలింది" అంటారు, అంతే. ఎలా తేలిందో ఎవరూ చెప్పరు.

నా అభ్యంతరం ఇది. అక్కడ పళ్లెంలాంటి చక్రం లేదు. క్లస్టర్లు, అంటే గెలాక్సీ చుట్టూ తిరిగే నక్షత్రాల ముద్దలు, తలో దిక్కుకూ పోతుంటాయి. ఒక క్లస్టర్ గురించి పూర్తిగా తెలియాలంటే స్థానానికి మూడు సంఖ్యలు, వేగానికి మూడు సంఖ్యలు కావాలి. మనకు దొరికేవి ఆకాశంలో ఎక్కడుందో చెప్పే రెండూ, మన వైపు వస్తోందా పోతోందా చెప్పే ఒక్క వేగమూ. సగం సమాచారంతో గెలాక్సీ మొత్తం బరువు చెప్పేస్తున్నారు. వచ్చే నెల మా కాలేజీ ఖగోళ క్లబ్బులో దీని మీద మాట్లాడాలి. నాకే నమ్మకం కుదరని విషయం పిల్లలకు ఎలా చెప్పను?

దుర్భిణి
ఆ పేరు పెట్టుకున్నాక బాకీ వసూలు కాకుండా కదలరని అర్థమైంది :) మంచి ప్రశ్న. నేనూ కూర్చుంటున్నా.

ఓరుగల్లు_వాసి
అసలు క్లస్టర్లే ఎందుకు? నక్షత్రాలు కోట్లకు కోట్లు ఉన్నయి గదా. వాటి వేగమే కొలవరాదా?

కావలూరు_రాత్రి
ఓరుగల్లు గారి ప్రశ్న నుంచే మొదలుపెడతా, అసలు కిటుకు అక్కడే ఉంది.

నక్షత్రాల వేగం కొలుస్తారు. విడివిడిగా కాదు, అన్నింటి వెలుగూ కలిపి స్పెక్ట్రమ్ తీస్తే, అంటే రంగులుగా విడగొట్టి చూస్తే, అందులోని గీతలు వెడల్పుగా పరుచుకుని కనిపిస్తాయి. ఆ వెడల్పే వేగాల చెదురు, వెలాసిటీ డిస్పర్షన్. చిక్కేమిటంటే ఎలిప్టికల్ గెలాక్సీ వెలుగు బయటికి పోయేకొద్దీ చాలా త్వరగా సన్నగిల్లుతుంది. వెలుగులో సగం ఇమిడే వ్యాసార్ధం ఉంటుంది కదా, దానికి రెండు మూడు రెట్లు దాటితే ఆకాశపు సొంత వెలుగులో అది కలిసిపోతుంది. ఆ లోపల బరువంతా దాదాపు నక్షత్రాలదే. డార్క్ మ్యాటర్ పెత్తనం మొదలయ్యేది ఆ బయట. అంటే దీపం ఉన్నచోట మనకు కావలసింది లేదు, కావలసింది ఉన్నచోట దీపం లేదు. చల్లని హైడ్రోజన్ వాయువు కూడా ఎలిప్టికల్స్‌లో పెద్దగా ఉండదు కాబట్టి 21 సెంటీమీటర్ల దారీ మూసుకుపోయింది.

గ్లోబ్యులర్ క్లస్టర్లు అక్కడ పనికొస్తాయి. ఒక్కో దానిలో లక్షల నక్షత్రాలు ముద్దకట్టి ఉంటాయి, అందుకని 5 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోనూ ఒక చుక్కలా విడిగా కనిపిస్తుంది. వయసు దాదాపు అన్నింటిదీ 1000 కోట్ల ఏళ్ల పైమాటే. గెలాక్సీ వెలుగు ఆగిపోయిన చోట కూడా ఇవి ఉంటాయి, ఎనిమిది పది వ్యాసార్ధాల దాకా. మన పాలపుంతకు 150 పైచిలుకు ఉన్నాయి. కన్యారాశిలోని పెద్ద ఎలిప్టికల్ ఎం87కి 12,000 పైనే.

ఓరుగల్లు_వాసి
12,000! మనకు 150 ఏంది, గాళ్లకు అన్ని ఏంది. మస్తు అన్యాయం.

అరుంధతి_చూపు
ఎం87 అంటే 2019లో బ్లాక్ హోల్ నీడ ఫొటో తీసిన గెలాక్సీయే కదా? దాని బ్లాక్ హోల్ బరువే 650 కోట్ల సూర్యులు. ఆ బరువు వల్ల క్లస్టర్లు వేగంగా తిరగొచ్చుగా, డార్క్ మ్యాటర్ ఎందుకు మధ్యలో?

కావలూరు_రాత్రి
అరుంధతి గారూ, 650 కోట్లు వినడానికి పెద్దదే, క్లస్టర్లు తిరిగే పరిధిలోని బరువు దానికి వందల రెట్లు. ఎం87లో లక్షన్నర కాంతి సంవత్సరాల వ్యాసార్ధం లోపల లెక్క లక్షల కోట్ల సూర్యుల్లో వస్తుంది. అక్కడ బ్లాక్ హోల్ వాటా లెక్కలోకే రాదు. నక్షత్రాలన్నీ కలిపినా చాలదు.

లెక్కల_మాస్టారు
నక్షత్రకుడు గారికి నమ్మకం కుదరాలంటే ఒక్కసారి చేత్తో లెక్క వేయాలి. కాగితం, పెన్ను చాలు.

ముందు కొలత. చాలామంది వాడేది కాల్షియం మూడు గీతలు, పరారుణానికి అంచున ఉంటాయి. మధ్య గీత 854.2 నానోమీటర్ల దగ్గర. క్లస్టర్ సెకనుకు 200 కిలోమీటర్ల వేగంతో మన నుంచి దూరంగా పోతుంటే ఆ గీత 0.57 నానోమీటరు ఎరుపు వైపు జరుగుతుంది. కెక్ లాంటి 10 మీటర్ల టెలిస్కోపు మీద ఇది తేలికగా దొరికే జరుగుడు. సెకనుకు 10, 15 కిలోమీటర్ల దాకా నిక్కచ్చిగా చెప్పగలరు.

ఇలా వందల క్లస్టర్లకు వేగాలు రాసుకుని, గెలాక్సీ సగటు వేగం తీసేస్తే మిగిలేది చెదురు. ఉదాహరణకు చెదురు సెకనుకు 200 కిలోమీటర్లు అనుకోండి. దూరం 30 కిలోపార్సెక్‌లు, అంటే 98 వేల కాంతి సంవత్సరాలు. ఈ కొలమానాల్లో గురుత్వ స్థిరాంకం విలువ 0.0000043.

200 × 200 × 30 ÷ 0.0000043. వచ్చేది 28,000 కోట్ల సూర్యులు.

ఇది మొదటి మెట్టే. క్లస్టర్ల సాంద్రత బయటికి ఎంత నిటారుగా పడిపోతోందో ఆ ఘాతాంకంతో గుణించాలి. దూరం రెట్టింపైతే సాంద్రత ఎనిమిదో వంతుకు పడితే ఘాతాంకం 3. అప్పుడు 84,000 కోట్ల సూర్యులు. ఆ గెలాక్సీ వెలుగును బట్టి నక్షత్రాల బరువు 10,000 కోట్లు అనుకుంటే మిగతా 74,000 కోట్లు ఎక్కడున్నాయి? అదీ ప్రశ్న.

వేగాలు ఎక్కువగా ఉండి కూడా క్లస్టర్లు 1000 కోట్ల ఏళ్లుగా గెలాక్సీని వదిలిపోలేదు. అంత వేగాన్ని పట్టి ఉంచడానికి కావలసిన బరువు ఎంతో అడుగుతున్నాం. దానికి చక్రం తిరగక్కర్లేదు. ఎటు పడితే అటు తిరగడమే ఇక్కడ సమాచారం.

నక్షత్రకుడు
మాస్టారూ, ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు. ఇది బోర్డు మీద వేస్తాను. కానీ నా అసలు అభ్యంతరం అలాగే ఉంది. మీరు కొలిచిన 200 మన చూపు దిశలో మాత్రమే. మిగతా రెండు దిశల్లోనూ 200 అని ఎవరు చెప్పారు?

సప్తర్షి
ఇక్కడ మాస్టారితో నాకూ పేచీ ఉంది. ఆ లెక్క అన్ని దిశల్లో చెదురు సమానమని ముందే అనుకుని వేసింది. అది ఊహ. ఈ రంగంలో సగం గొడవ దాని మీదే.

ప్లాట్‌ఫారం మీద నిలబడితే ఎదురుగా వచ్చే రైలు కూత స్వరం మారినట్టు వినిపిస్తుంది. దూరంగా పొలాల మీదుగా అడ్డంగా పోయే రైలు ఎంత వేగంగా పోయినా స్వరం మారదు. గెలాక్సీ అంచున కనిపించే క్లస్టర్ సంగతీ అంతే. అది కేంద్రం వైపు దూకి మళ్లీ బయటికి పోయే పొడుగాటి కక్ష్యలో ఉంటే దాని వేగమంతా మనకు అడ్డంగా ఉంటుంది. డాప్లర్ జరుగుడు దాదాపు సున్నా. మనం "నెమ్మదిగా ఉంది, బరువు తక్కువ" అని రాసుకుంటాం. గుండ్రటి కక్ష్యలైతే దీనికి తిరగబడుతుంది, లేని బరువు ఉన్నట్టు అనిపిస్తుంది.

కొలిచిన చెదురు ఒక్కటే. దానికి తక్కువ బరువు, సమాన కక్ష్యలు అని ఒక జవాబు. ఎక్కువ బరువు, పొడుగు కక్ష్యలు అని ఇంకో జవాబు. రెండూ సరిపోతాయి. మాస్టారి లెక్కకు మూలమైన జీన్స్ సమీకరణం ఒక్కటే పట్టుకుంటే ఈ ముడి విడదు.

లెక్కల_మాస్టారు
సప్తర్షి గారూ, ముడి ఉంది, నిజమే. కానీ ఆ ఊహ తీసేసినా జవాబు తలకిందులు కాదు. కొంత పెరుగుతుంది, కొంత తగ్గుతుంది, అంతే. 84,000 కోట్లను 10,000 కోట్లకు దించాలంటే క్లస్టర్లన్నింటినీ వింత కక్ష్యల్లో పెట్టాలి. పెద్ద ఎలిప్టికల్స్ విషయంలో "డార్క్ మ్యాటర్ ఉందా లేదా" అన్నది ఈ ముడి వల్ల ఆగలేదు. "ఎంత, ఎలా పరుచుకుంది" అన్నదే ఆగింది.

సప్తర్షి
పెద్దవాటికి ఒప్పుకుంటా. మామూలు సైజు వాటికి మాత్రం 2003 గుర్తు చేయాలి.

ఆ ఏడాది ఆరన్ రొమనౌస్కీ బృందం సైన్స్ పత్రికలో వేసిన పేపరు పెద్ద దుమారం లేపింది. వాళ్లు క్లస్టర్లు కాదు, ప్లానెటరీ నెబ్యులాలు వాడారు. ముసలి నక్షత్రాలు వదిలిన వాయువు, ఆక్సిజన్ ఆకుపచ్చ గీత దగ్గర, 500.7 నానోమీటర్లలో వెలుగుతుంది. లా పాల్మా దీవిలో విలియం హెర్షెల్ టెలిస్కోపుకు దీని కోసమే ఒక పరికరం కట్టారు. మూడు గెలాక్సీలు చూశారు: ఎన్‌జీసీ 821, ఎన్‌జీసీ 4494, సింహరాశిలోని ఎం105. బయటికి పోయేకొద్దీ చెదురు చక్కగా పడిపోయింది, డార్క్ మ్యాటర్ దాదాపు అక్కర్లేదన్నట్టు. ఆ మూడూ సర్వసాధారణమైన గెలాక్సీలు, మూలకు నెట్టేయడానికి కుదరదు.

2005లో అవిషాయ్ డెకెల్ బృందం నేచర్‌లో జవాబిచ్చింది. రెండు స్పైరల్స్ ఢీకొని ఎలిప్టికల్ అయ్యేటప్పుడు నక్షత్రాలు పొడుగాటి కక్ష్యల్లోకి విసిరేయబడతాయని, అందుకే చెదురు పడిపోయినట్టు కనిపిస్తుందని, డార్క్ మ్యాటర్ మామూలుగానే ఉందని కంప్యూటర్ నమూనాలతో చూపించారు. అంటే నక్షత్రకుడు గారి అభ్యంతరమే అక్కడ జవాబైంది.

నక్షత్రకుడు
అయితే ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చన్నమాట! తక్కువ వస్తే కక్ష్యలు పొడుగు, ఎక్కువ వస్తే డార్క్ మ్యాటర్. ఇది సైన్సు ఎలా అవుతుంది?

కావలూరు_రాత్రి
తిప్పుకోకుండా కట్టేసే తాళ్లు ఉన్నాయి, ఓపిక పట్టండి. నేను కొన్నేళ్లు ఈ క్లస్టర్ల స్పెక్ట్రాల మీదే పనిచేశాను, అందుకని ఇది నాకు ప్రాణం లాంటి విషయం.

మొదటి తాడు: ఒకే గెలాక్సీలో రెండు రకాల క్లస్టర్లు. లోహాలు ఎక్కువున్నవి ఎర్రగా, తక్కువున్నవి నీలంగా కనిపిస్తాయి. ఎర్రవి గెలాక్సీ నక్షత్రాల వెంటే, లోపలికి సర్దుకుని ఉంటాయి. నీలివి విశాలంగా పరుచుకుని ఉంటాయి. కక్ష్యలు వేరు, పరుచుకున్న తీరు వేరు, కానీ వాటిని లాగే గురుత్వం ఒక్కటే. రెండు గుంపులూ విడివిడిగా ఒకే బరువు చెప్పి తీరాలి.

ఫోర్నాక్స్ గెలాక్సీల గుంపు మధ్యలో ఎన్‌జీసీ 1399 ఉంది. 2004లో టామ్ రిక్ట్‌లర్ బృందం చిలీలోని వీఎల్‌టీ టెలిస్కోపుతో అక్కడ 468 క్లస్టర్ల వేగాలు కొలిచింది. ఎర్రవాటి చెదురు 255 దగ్గర, నీలివాటిది 291 దగ్గర. మాస్టారి సూత్రంలో పెట్టి చూడండి. 291 వర్గాన్ని 255 వర్గంతో భాగిస్తే 1.3. అంటే ఎర్రవాటి సాంద్రత నీలివాటి కంటే దాదాపు 1.3 రెట్లు నిటారుగా పడిపోతేనే రెండూ ఒకే బరువు చెప్పినట్టు. ఫొటోల్లో లెక్కపెట్టి చూస్తే ఎర్రవి నిజంగానే ఎక్కువ నిటారు. ఈ పొంతన దానంతట అదే కుదిరింది, మనం కుదిర్చింది కాదు.

రెండో తాడు: వేగాల పంపిణీ ఆకారం. చెదురు ఒక్క అంకె. కానీ వందల వేగాలు ఉంటే వాటి గంట ఆకారం మధ్యలో సూదిగా ఉందా, నెత్తి చదునుగా ఉందా చూడొచ్చు. పొడుగు కక్ష్యలు ఒక ఆకారం ఇస్తాయి, గుండ్రటివి ఇంకోటి.

మూడోది: వాయువు. పెద్ద ఎలిప్టికల్స్ చుట్టూ కోటి డిగ్రీల వేడి వాయువు ఉంటుంది, ఎక్స్‌రేలలో మెరుస్తుంది. అంత వేడిదాన్ని పట్టి ఉంచడానికి ఎంత బరువు కావాలో వేరే లెక్క. 1980 దశకం మొదట్లోనే ఐన్‌స్టీన్ ఉపగ్రహం ఎం87 చుట్టూ ఇది చూపించింది. వాయువుకు పొడుగు కక్ష్యలు, గుండ్రటి కక్ష్యలు అన్న గొడవే లేదు, దాని పీడనం అన్ని వైపులా సమానం.

తెనాలి_టెలిస్కోపు
ఎక్స్‌రే లెక్కకూ షరతు ఉందిగా సార్, వాయువు కుదురుగా ఉండాలి. ఎం87లో బ్లాక్ హోల్ జెట్ వాయువును కుమ్మేస్తూనే ఉంది.

కావలూరు_రాత్రి
అవును, అందుకే ఏ ఒక్కదాన్నీ ఒంటరిగా నమ్మం. ఎక్స్‌రే తప్పే కారణం వేరు, క్లస్టర్లు తప్పే కారణం వేరు. రెండూ వేర్వేరు కారణాలతో ఒకే అంకెకు తప్పడం కష్టం.

అరుంధతి_చూపు
ఎం105 సంగతి చివరికి ఏమైంది? మధ్యలో వదిలేశారు.

సప్తర్షి
అక్కడే క్లస్టర్లు వచ్చి నిలబడ్డాయి. 2006లో రెండు బృందాలు, ఒకరు జెమిని టెలిస్కోపుతో, ఇంకొకరు వీఎల్‌టీతో, ఎం105 క్లస్టర్ల వేగాలు కొలిచారు. నెబ్యులాల చెదురు పడిపోయిన చోట క్లస్టర్ల చెదురు అంతగా పడలేదు, మామూలు డార్క్ మ్యాటర్ హేలోకు, అంటే గెలాక్సీ చుట్టూ ఉండే డార్క్ మ్యాటర్ ఆవరణకు, సరిపోయింది. కాకపోతే ఒక బృందం చేతిలో ఉన్నవి ఇరవై చిల్లర క్లస్టర్లే. కేసు మూసేశామని నేననను. డార్క్ మ్యాటర్ లేదన్న వాదన మాత్రం బలహీనపడింది.

ఆ రొమనౌస్కీయే తర్వాత జీన్ బ్రోడీ, డంకన్ ఫోర్బ్స్ వాళ్లతో కలిసి, చాలా గెలాక్సీల క్లస్టర్ల వేగాలు కొలిచిన స్లగ్స్ సర్వేలో పనిచేశాడు. తన ఫలితాన్ని తనే ఇంకో రకం సాక్షులతో పరీక్షించడానికి దిగాడు. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది అందుకే.

గోదారి_గట్టు
ఇంత చదివాక నేను అడగాల్సిందే. మాండ్ సంగతి ఎవరూ ఎత్తరేం? 1983లో మిల్‌గ్రోమ్ చెప్పింది ఇదే కదా, త్వరణం బాగా తక్కువైన చోట న్యూటన్ సూత్రమే మారుతుందని. 2003లో ఆ మూడు గెలాక్సీల ఫలితం రాగానే మిల్‌గ్రోమ్, శాండర్స్ ఇద్దరూ "మా సిద్ధాంతం ప్రకారం ఇలాగే ఉండాలి" అని చూపించారు. ఆ గెలాక్సీల లోపలి భాగాల్లో త్వరణం ఎక్కువ, కాబట్టి న్యూటన్ లెక్కే పనిచేస్తుంది, కనిపించని బరువు అవసరం పడదు. పొడుగు కక్ష్యలు, ఢీకొనడాలు ఏవీ అక్కర్లేకుండా తేలిపోయింది. దీన్ని పక్కన పెట్టడం న్యాయం కాదు.

లెక్కల_మాస్టారు
పక్కన పెట్టక్కర్లేదు, ఎం87కి కూడా అదే సూత్రం వేయండి గోదారి గారూ. అది ఉన్న కన్యారాశి గెలాక్సీల గుంపు నడిబొడ్డున మాండ్ వేసినా బరువు చాలదు, ఇంకా కొంత కనిపించని పదార్థం కలపాల్సి వస్తుంది. పెద్ద గెలాక్సీ గుంపులన్నింటిలోనూ మాండ్‌కు ఉన్న ఇబ్బందే ఇది. అప్పుడు సూత్రమూ మార్చాలి, పదార్థమూ కలపాలి.

గోదారి_గట్టు
ఆ ఇబ్బంది మాండ్ వాళ్లే ఒప్పుకుంటారు. కలపాల్సింది మామూలు పదార్థమే అయ్యుండొచ్చు, ఇంకా కనిపించనిది. ఒక్క గెలాక్సీ స్థాయిలో మాండ్ ముందే చెప్పి గెలిచిన సందర్భాలు చాలా ఉన్నాయి. నేను నా మాట మీదే ఉంటాను.

తెనాలి_టెలిస్కోపు
అయితే డీఎఫ్2 గురించి మాట్లాడుకోవాలి. ఎన్‌జీసీ 1052 అనే ఎలిప్టికల్ పక్కన కనిపించే పలచటి గెలాక్సీ. 2018లో పీటర్ వాన్ డొక్కమ్ బృందం నేచర్‌లో రాసింది. నక్షత్రాల బరువు 20 కోట్ల సూర్యులు. పది క్లస్టర్ల వేగాలు కొలిస్తే చెదురు సెకనుకు దాదాపు 10 కిలోమీటర్లు మించదు. నక్షత్రాలు ఒక్కటే ఉన్నా 7 దాకా రావాలి. ఉండాల్సిన డార్క్ మ్యాటర్‌లో 400వ వంతు కూడా లేదన్నారు. మాండ్ నిజమైతే ప్రతి గెలాక్సీలోనూ ఆ ప్రభావం కనపడాలిగా, ఇక్కడెందుకు లేదు? డార్క్ మ్యాటర్ అనేది విడిగా ఒక పదార్థం కాబట్టే ఒకచోట ఉండి ఇంకోచోట లేకుండా పోగలదు.

గోదారి_గట్టు
పక్కన పెద్ద గెలాక్సీ ఉంటే దాని లాగుడు వల్ల మాండ్ ప్రభావం తగ్గుతుంది. ఇది ఇప్పుడు కట్టిన కథ కాదు, సిద్ధాంతంలో మొదటి నుంచీ ఉన్నదే. ఆ లెక్క వేసి నేచర్‌కే పంపారు కూడా. అయినా పది క్లస్టర్లతో విశ్వ సూత్రం తేల్చేస్తారా?

లెక్కల_మాస్టారు
పది అన్న దాని మీద గోదారి గారితో నేనూ గొంతు కలుపుతా. చెదురులో పొరపాటు స్థూలంగా 1 బై (2 × సంఖ్య) వర్గమూలం. పది క్లస్టర్లకు 22 శాతం. బరువు చెదురు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి బరువులో 45 శాతం. ఇది కొలత పొరపాట్లు కలపకముందు. 200 క్లస్టర్లుంటే చెదురులో 5, బరువులో 10. డీఎఫ్2లో 98 నంబరు క్లస్టర్ ఒక్కటి మిగతావాటికి దూరంగా పడింది. దాన్ని ఉంచితే ఒక జవాబు, తీస్తే ఇంకో జవాబు. మళ్లీ కొలిస్తే దాని వేగం మిగతావాటికి దగ్గరకు జరిగింది, చెదురు 7.8 అన్నారు.

తెనాలి_టెలిస్కోపు
తర్వాత నక్షత్రాల వెలుగుతోనే విడిగా కొలిచారు మాస్టారూ, కెక్ మీద, 2019లో. 8.5 వచ్చింది. క్లస్టర్లు చెప్పినదానితో కలిసింది కదా.

అరుంధతి_చూపు
దూరం మీద కూడా గొడవ జరిగింది అనుకుంటా?

తెనాలి_టెలిస్కోపు
బాగా జరిగింది. ఇగ్నాసియో త్రుహియో బృందం అది 6.5 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో లేదు, 4.2 కోట్ల దూరంలోనే ఉందంది. దగ్గరైతే నక్షత్రాల బరువు తగ్గిపోతుంది, వింత అంతా పోతుంది. దాని క్లస్టర్లు మామూలు కంటే మరీ వెలుగ్గా ఉండటం కూడా దూరం తగ్గిస్తే సర్దుకుంటుంది. గట్టి వాదనే. 2021లో హబుల్‌తో ఎర్ర రాక్షస తారలు చేరే గరిష్ఠ వెలుగు చూసి కొలిస్తే 7.2 కోట్ల కాంతి సంవత్సరాలు వచ్చింది. వింత వింతగానే ఉండిపోయింది. 2019లోనే అలాంటిదే ఇంకోటి, డీఎఫ్4 కూడా దొరికింది.

సప్తర్షి
డీఎఫ్2 ఎలిప్టికల్ కాదని గుర్తుంచుకుందాం, విషయం పక్కకు పోతోంది. అయినా ఒకందుకు పనికొస్తుంది: ఈ పద్ధతి "డార్క్ మ్యాటర్ లేదు" అని కూడా చెప్పగలదు. నక్షత్రకుడు గారు "ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చు" అన్నారే, తిప్పుకునే వీలుంటే దీన్నీ తిప్పేసేవాళ్లు.

నక్షత్రకుడు
ఈ మాటతో నా పట్టు కొంచెం సడలింది. ఎర్ర, నీలి గుంపుల పొంతన మాత్రం నిజంగా బాగుంది. అది ఎందుకు ఏ వ్యాసంలోనూ రాయరో!

ఇంకోటి అడగాలి. క్లస్టర్ అనుకున్న చుక్క మన పాలపుంత నక్షత్రమే అయితే?

కావలూరు_రాత్రి
చాలా అసలైన బాధ అది. దూరం నుంచి క్లస్టర్ కూడా చుక్కే, నక్షత్రమూ చుక్కే. ముందు రంగులతో జల్లెడ పడతారు. తర్వాత వేగం. ఎం87 మొత్తంగా సెకనుకు 1300 కిలోమీటర్ల వేగంతో మన నుంచి పోతోంది. మన నక్షత్రాలు సున్నా చుట్టూ, మహా అయితే కొన్ని వందల దగ్గర ఉంటాయి. మామూలుగా తేడా తెలిసిపోతుంది. కానీ ఎం87 చెదురే 350 దగ్గర కాబట్టి దాని నెమ్మది క్లస్టర్లు కొన్ని 300, 400 దగ్గరికి వచ్చేస్తాయి. ఆ మూల ఎవరెవరో తేల్చడం మహా కష్టం. హబుల్ ఫొటో ఉంటే క్లస్టర్ చుక్క కాస్త ఉబ్బుగా కనిపిస్తుంది, నక్షత్రం కనిపించదు. లేకపోతే ఇది క్లస్టరయ్యే అవకాశం ఇంత అని ప్రతి చుక్కకూ సంభావ్యత రాసి నమూనాలో పెడతారు. ఇంకో చిక్కు, అంచుల్లో ఉన్న క్లస్టర్లు ఎం87వేనా, కన్యారాశి గుంపు మొత్తానికి చెందినవా అన్నది.

ఓరుగల్లు_వాసి
మన దేశంల నుంచి ఇది చెయ్యొచ్చా? నైనిటాల్ కాడ దేవస్థల్‌ల 3.6 మీటర్ల టెలిస్కోపు ఉన్నది గదా.

కావలూరు_రాత్రి
బాగా వెలుగున్న కొద్ది క్లస్టర్లకు ప్రయత్నించొచ్చు. కన్యారాశి దూరంలో సగటు క్లస్టర్ ప్రకాశం 23.7 తరగతి (ఈ అంకె పెరిగేకొద్దీ మసక), దాని స్పెక్ట్రమ్‌కు 8, 10 మీటర్ల అద్దం కావాలి. పైగా ఒకేసారి పదుల, వందల క్లస్టర్లు పట్టే పరికరం ఉండాలి, లేకపోతే ఏళ్లు పడుతుంది. దక్షిణాఫ్రికాలోని సాల్ట్ టెలిస్కోపులో పుణెలోని ఖగోళ పరిశోధన కేంద్రం ఐయూకా భాగస్వామి, 30 మీటర్ల టెలిస్కోపు ప్రాజెక్టులో మన దేశం భాగస్వామి. దారులు లేకపోలేదు.

దుర్భిణి
మా ఎనిమిది అంగుళాల దానిలో ఎం87 ఒక మసక మచ్చ. ఆ మచ్చ చుట్టూ 12,000 క్లస్టర్లు ఉన్నాయని తెలిశాక ఈసారి ఇంకాసేపు చూస్తాను.

గోదారి_గట్టు
వేగాలు కొలవకుండా, క్లస్టర్లను ఊరికే లెక్కపెట్టి హేలో బరువు చెప్పేవాళ్లు కూడా ఉన్నారు. అది నాకు అసలు మింగుడుపడదు.

సప్తర్షి
వింతగానే ఉంటుంది, కానీ గణాంకం గట్టిది. ఒక గెలాక్సీకి ఉన్న గ్లోబ్యులర్ క్లస్టర్లన్నింటి బరువూ కలిపితే హేలో బరువులో లక్షలో 3, 4 వంతులు వస్తుంది. చిన్న గెలాక్సీ నుంచి పెద్ద గుంపుల దాకా దాదాపు అదే నిష్పత్తి. నక్షత్రాల బరువుకు ఇలాంటి స్థిర నిష్పత్తి లేదు. క్లస్టర్లు పుట్టిన తొలికాలంలో హేలోలు ఎలా పెరిగాయో అందులో దాగి ఉందని నా నమ్మకం. కానీ ఒక్క గెలాక్సీకి దీన్ని ప్రమాణంగా తీసుకోను. వేగాలు కొలవాల్సిందే.

నక్షత్రకుడు
పిల్లలతో నిజం డేటా మీద చేయించాలని ఉంది. వేగాల పట్టికలు బయట దొరుకుతాయా?

లెక్కల_మాస్టారు
దొరుకుతాయి. స్లగ్స్ వాళ్లు 2017లో 27 గెలాక్సీలకు 4,000 పైచిలుకు క్లస్టర్ల వేగాలు ప్రచురించారు, ఎవరైనా దించుకోవచ్చు. క్లస్టర్లు ఎక్కువున్న గెలాక్సీ ఒకటి ఎంచుకోండి. దూరాన్ని బట్టి నాలుగైదు వలయాలుగా విడగొట్టి, ఒక్కో వలయంలో కనీసం 40 ఉండేలా చూడండి. ప్రతి వలయంలో సగటు వేగం తీసేసి చెదురు లెక్కించండి, పొరపాటు గీతలు తప్పకుండా వేయించండి. చెదురు బయటికి పోయేకొద్దీ పడిపోతోందా, నిలకడగా ఉందా చూడమనండి. గెలాక్సీ మొత్తంగా కొంచెం తిరుగుతుంటే ఆ తిరుగుడు చెదురులో కలిసిపోతుంది, ముందు దాన్ని విడదీయాలి.

సప్తర్షి
ఆ తర్వాత రంగును బట్టి రెండు గుంపులుగా విడగొట్టి మళ్లీ చేయించండి. రెండు బరువులూ కలవకపోతే ఎక్కడ తేడా వచ్చిందో పిల్లలనే వెతకమనండి, కక్ష్యల గురించి వాళ్లంతట వాళ్లే అడుగుతారు.

గోదారి_గట్టు
అదే పట్టికకు మాండ్ లెక్క కూడా వేయించండి. సూత్రం నేను పంపుతా.

నక్షత్రకుడు
పంపండి గోదారి గారూ, రెండూ వేయిస్తాను. వలయంలో 40 కంటే తక్కువ వస్తే ఏం చేయాలి మాస్టారూ?

లెక్కల_మాస్టారు
పక్క వలయంతో కలిపేయండి. 40కే చెదురులో పొరపాటు 11 శాతం, బరువులో 22. అంతకంటే దిగొద్దు.